చాప పక్కన కుర్చీలో కూర్చునే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పోటీలు మానేసి జూడో కోచ్‌గా చేరుతున్నానని రాశావు. అయితే జపాన్ జూడో వీరుడు కోసెయ్ ఇనౌయే దారి ఒకసారి చూడు. 1999, 2001, 2003ల్లో ప్రపంచ విజేత, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 కిలోల స్వర్ణం. అంతటివాడు 2008లో ఆట మానేశాక నేరుగా జాతీయ జట్టు పగ్గాలు పట్టుకోలేదు. బ్రిటన్ వెళ్లి కోచింగ్, ఇంగ్లీషు చదువుకున్నాడు. 2012 లండన్ నుంచి జపాన్ మగవాళ్ల జట్టు ఒక్క స్వర్ణమైనా లేకుండా తిరిగొచ్చాక జట్టు ఆయన చేతికొచ్చింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఏడు బరువు విభాగాల్లోనూ పతకాలు, టోక్యోలో ఐదు స్వర్ణాలు.

ఇనౌయే అంటే ఉచి మటా, అంటే అవతలివాడి తొడల మధ్య కాలు వేసి పైకి లేపి పడేసే పట్టు. ఆయన శిష్యుడు ఆరన్ వుల్ఫ్ టోక్యో ఫైనల్ గెలిచింది మాత్రం ఓఉచి గరితో, అంటే లోపలి నుంచి కాలు మెలేసి వెనక్కి పడేసే పట్టుతో. నీకు అచ్చొచ్చిన పట్టును పిల్లలందరి మీదా రుద్దకు. మొదటి నెల నేర్పడం తగ్గించి నోట్‌బుక్ పట్టుకో. ఎవరిది ఎడమవాటం, ఎవరిది కుడివాటం, చొక్కా ఎక్కడ దొరికితే దాడి చేస్తున్నారు, ఏ వైపు పడుతున్నారు, అన్నీ రాసుకో. పొట్టిగా, గట్టిగా ఉన్నవాడికి వీపు మీదికెత్తి విసిరే సెఓయ్ నగె ముందు చూపించు. ఉచి మటా కాళ్లు పొడుగున్నవాడికి తేలిగ్గా వస్తుంది.

ఉచి మటా నేర్పేటప్పుడు తప్పు కాలిలో కనిపిస్తుంది కానీ పుట్టేది చేతిలో. స్లీవ్ పట్టిన చెయ్యి పైకి, బయటికి లాగకపోతే అవతలివాడి బరువు మునివేళ్ల మీదికి రాదు. అప్పుడు మనవాడు కాలు ముందే లేపి, ఒంటికాలి మీద గెంతుతూ, చివరికి తల నేలకేసి దూకుతాడు. మెడకు ప్రమాదం, పైగా రిఫరీ ఆట నుంచే తీసేస్తాడు. అందుకే కొన్నాళ్లు కాలు లేపనివ్వకు. లాగడం, తిరగడం, నిలబడే పాదాన్ని అవతలివాడి రెండు పాదాల మధ్యకు తేవడం, ఇంతే. పదేసి చొప్పున ఐదు విడతలు, అదీ నడుస్తూ. నిలబడ్డ స్తంభం లాంటి జోడీ మీద వందసార్లు చేసినా రందోరిలో, అంటే స్వేచ్ఛగా తలపడే సాధనలో, పనికిరాదు.

రందోరి నాలుగేసి నిమిషాలు పెట్టు. అప్పుడప్పుడు చెప్పకుండా పొడిగించు, స్కోరు సమమైతే వచ్చే అదనపు ఆట, గోల్డెన్ స్కోర్‌కు గడియారం ఉండదు కదా. నువ్వు నేర్చుకున్న నాటి నిబంధనలే ఇప్పటికీ ఉన్నాయనుకోకు. ఇనౌయే ఆడిన రోజుల్లో చేత్తో కాలు పట్టి పడేసేవాళ్లు, ఆయన శిక్షణ ఇచ్చిన కాలానికి అది నిషేధం. ఏటా రిఫరీల సూచనలు చదువు.

ఇక పోటీలో చాప పక్కన కోచ్ కూర్చునే కుర్చీ సంగతి. ఆట నడుస్తుండగా నోరు విప్పకూడదు, రిఫరీ ‘మతె’ (ఆగు) అని ఆపినప్పుడే మాట్లాడాలి. ఆ కొద్ది సెకన్లలో ఉపన్యాసం ఎక్కదు. ‘స్లీవ్ ముందు’, ‘ఎడమకు తిప్పు’ లాంటి రెండు మాటలు సాధనలోనే అలవాటు చెయ్యి. అక్కడ కొత్తమాట వింటే పిల్లవాడు నీ వైపు తల తిప్పుతాడు, అంతలో ‘హజిమె’ (మొదలుపెట్టు) పడుతుంది.

బరువు తూచేది ముందురోజే. మర్నాడు ఉదయం మళ్లీ కొందరిని తూస్తారు, విభాగం పరిమితిని 5 శాతం దాటితే పోటీ లేదు. రాత్రి వాడి కంచం నీ కళ్లముందే ఉండాలి.