డాక్టర్ సలహా: తెలుగు పేషెంట్లంతా నా దగ్గరికే వస్తారు.. ఇది అలసటా, డిప్రెషనా?

ప్రశ్న: నా వయసు 36. మాది మదనపల్లె. బెంగళూరులో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా మెడికల్ సోషల్ వర్కర్‌గా చేస్తున్నాను. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చే పేషెంట్లు చాలామంది ఉంటారు. మా విభాగంలో తెలుగు వచ్చింది నాకొక్కదానికే. నా కేసులు నాకుండగా, ఏ డాక్టరు దగ్గరికి తెలుగువాళ్లు వచ్చినా నన్నే పిలుస్తారు. ఏడాదిగా పొద్దున లేచేసరికే ఒళ్లు బరువుగా ఉంటోంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. పేషెంట్ బంధువులు అడిగిందే మళ్లీ అడిగితే కసురుకుంటున్నాను. మొన్న ఒక చిన్నపిల్లాడు చనిపోతే నాకేమీ అనిపించలేదు. ఫారం నింపేసి భోజనానికి వెళ్లాను. అది తలుచుకుంటే నా మీద నాకే భయమేస్తోంది. సంక్రాంతికి ఊరెళ్లినన్ని రోజులూ హాయిగా నిద్రపట్టింది. తిరిగొస్తుంటే హోస్కోటె దాటగానే ఛాతీ పట్టేసినట్టయింది. తోటి ఉద్యోగిని ఇచ్చిన, ఆందోళన తగ్గించే అల్‌ప్రజోలామ్ మాత్ర రెండు నెలలుగా రాత్రిళ్లు వేసుకుంటున్నాను. మావారు ఉద్యోగం మానేయమంటున్నారు. ఇది థైరాయిడా, డిప్రెషనా? మానేయడమే మంచిదా?
– ఒక సోదరి, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: ముందు ఆ పిల్లాడి సంగతి. ఏమీ అనిపించలేదంటే మీ మనసు చచ్చిపోయిందని అర్థం కాదమ్మా. రోజూ చావు కబుర్లు మోసే ఉద్యోగంలో మనసు ఒక దశలో మొద్దుబారుతుంది. అలా బారకపోతే ఆ తర్వాతి గంట పని ముందుకు సాగదు. చిక్కల్లా, అది ఆసుపత్రి గేటు దగ్గర ఆగకపోవడమే. బంధువుల మీద చిరాకు, పేషెంట్ పేరు పోయి బెడ్ నంబరు మాత్రమే గుర్తుండటం, ‘వీళ్లకు ఎంత చెప్పినా ఇంతే’ అనుకోవడం.. అన్నీ అందులోంచి వచ్చేవే. చివరకు ఇంట్లో వాళ్ల మాటా చెవికెక్కదు.

మనం బర్నౌట్ అంటున్న ఈ స్థితిని సాఫ్ట్‌వేర్ వాళ్ల టెన్షన్‌గా అనుకుంటారు చాలామంది, ముఖ్యంగా బెంగళూరులో. నిజానికి 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక నిపుణుడు దీని గురించి మొదట రాసింది న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లను చూసి. తర్వాత క్రిస్టినా మాస్లాక్ ఇందులో మూడు ముఖ్య లక్షణాలు చెప్పారు: శక్తి పూర్తిగా హరించుకుపోవడం, ఎదుటి మనుషుల పట్ల ఆర్ద్రత తగ్గిపోవడం, ‘నేను చేసేదానివల్ల ఒరిగేదేం లేదు’ అనే భావన. మొదటి రెండూ మీ ప్రశ్నలోనే కనిపిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగ సంబంధమైన స్థితిగా పెట్టింది. అంటే తప్పు మీ ఒంట్లోనే ఉందనుకుని అక్కడే వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు.

అయినా ఒంటిని ఒకసారి చూడాల్సిందే. థైరాయిడ్ సంగతి తెలిసే టీఎస్‌హెచ్, రక్తహీనత తెలిసే సీబీసీ, ఒంట్లో ఐరన్ నిల్వ తెలిసే ఫెరిటిన్, బి12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. దడ, ఛాతీ పట్టేయడం ఉన్నాయి కాబట్టి ఈసీజీ తప్పనిసరి. ఆసుపత్రిలోనే పనిచేస్తూ సొంత బీపీ ఏడాదిగా చూసుకోనివాళ్లు మా దగ్గరికి ఎందరో వస్తుంటారు! మెట్లెక్కేటప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, నొప్పితో పాటు చెమటలు పట్టినా, చేతికో దవడకో పాకినా ‘టెన్షన్ వల్లే’ అనుకుని ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

డిప్రెషనా అన్నదానికి మీ సంక్రాంతి కొంత జవాబు చెబుతోంది. డిప్రెషన్ ముదిరితే సాధారణంగా పండగ కూడా చప్పగానే ఉంటుంది. ఊళ్లో మీకు నిద్రపట్టింది, మనసు కుదుటపడింది. హోస్కోటె దాటాకే బరువెక్కింది. కాబట్టి మూలం ఉద్యోగంలోనే ఉన్నట్టుంది. కానీ తెల్లవారుజామున మెలకువ రావడం డిప్రెషన్‌లోనూ ఉంటుంది, పైగా బర్నౌట్ అలాగే సాగితే రెండూ కలిసిపోవచ్చు. డిప్రెషన్‌ను అంచనా వేయడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, మీ పేషెంట్ల చేత మీరే నింపించి ఉంటారు. గత రెండు వారాలను తలుచుకుని, మీకోసం నింపండి. మొత్తం 27లో 10 లేదా అంతకు మించితే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. చనిపోతే బాగుండనే ఆలోచన వస్తోందా అన్నది తొమ్మిదో ప్రశ్న. దానికి ‘అవును’ అయితే మార్కులు ఎన్నొచ్చినా ఆ రోజే కలవాలి.

ఇక ఆ మాత్ర. అల్‌ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. స్నేహం కొద్దీ స్ట్రిప్పులో సగం కత్తిరించి ఇచ్చేది అసలే కాదు. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది. రెండు నెలలు దాటింది కాబట్టి ఇది చదివి ఇవాళే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే నిద్ర ఇంకా చెడుతుంది, దడ పెరుగుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డోసు మెల్లమెల్లగా తగ్గించే పని డాక్టరుకు అప్పగించండి. మధ్యాహ్నం రెండు తర్వాత ఫిల్టర్ కాఫీ మాత్రం రేపటి నుంచే మానేయొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీ రిజిస్టర్‌లో మీ కేసుల లెక్క ఉంటుంది. తెలుగు వచ్చినందుకు మీరు చేస్తున్న పని లెక్క ఎక్కడుంది? మీ వార్డుల్లో ఏం జరుగుతుందో ఊహించగలను. డాక్టరు ‘కీమో పనిచేయలేదు’ అని ఇంగ్లిషులో చెప్పి ఐదు నిమిషాల్లో రౌండ్లకు వెళ్లిపోతారు. ఆ మాట తెలుగులో, మీ గొంతుతో ఆ ఇంటాయన చెవిన పడుతుంది. ఆయన చూపు డాక్టరు మీద ఉండదు, మీ మీదే ఉంటుంది. ‘ఇంకెన్నాళ్లమ్మా?’ అని అడిగేదీ మిమ్మల్నే. ఆ ప్రశ్నతో మిగతా ముప్పావు గంట అక్కడ నిలబడేది మీరే. దుర్వార్తలు చెప్పడం డాక్టర్లకే కష్టమైన పని. మీరు మీ కేసులకు తోడు నలుగురైదుగురు డాక్టర్ల దుర్వార్తలు కూడా మోస్తున్నారు. రిజిస్టర్‌లో అది సున్నా.

దీనికి మరో పొర ఉంది. ‘మీదే ఊరమ్మా?’ అని అడుగుతారు. మదనపల్లె అనగానే వాళ్లకు ప్రాణం లేచొస్తుంది, మీరు మనోళ్లయిపోతారు. ఫోన్ నంబరు ఇవ్వకుండా ఉండలేరు. రాత్రి పది గంటలకు కదిరి నుంచి వాట్సాప్ వస్తుంది: ‘అక్కా, నాయన వాంతులు చేసుకుంటుండాడు’. చూడకుండా ఎలా ఉంటారు? చూస్తే నిద్ర ఎలా పడుతుంది?

అందుకే రెండు వారాల పాటు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మీ కేసు కాని పిలుపు ప్రతిదీ రాయండి: ఎవరు పిలిచారు, దేనికి, ఎంతసేపు పట్టింది. ఆరోగ్య బీమా కాగితాలు నింపడం, చనిపోయినవారి బంధువులతో కూర్చోవడం, రాత్రి మెసేజులు.. అన్నీ. ఆ పేజీలతో మీ హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లండి. ‘నాకు స్ట్రెస్‌గా ఉంది సార్’ అంటే సెలవు పెట్టుకోమంటారు, లేదా వచ్చే నెల వెల్‌నెస్ సెషన్‌కు పేరు రాస్తారు. నాకు యోగా మీద కోపం లేదు. కానీ పని అంతే ఉంచి ఊపిరి ఎలా పీల్చాలో నేర్పడం దగ్గర చాలా ఆసుపత్రులు ఆగిపోతున్నాయి. డాక్టర్ల బర్నౌట్ మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి ఒక విశ్లేషణలోనూ, మనిషికి శిక్షణ ఇచ్చినప్పటి కన్నా పని ఏర్పాట్లు మార్చినప్పుడే ఎక్కువ లాభం కనిపించింది.

అడిగేటప్పుడు కచ్చితంగా అడగండి. తెలుగు పిలుపులకు వెచ్చించే గంటల మేరకు మీ సొంత కేసులు తగ్గించాలి. తెలుగు వచ్చిన నర్సులు ఉంటే వాళ్లకు శిక్షణ ఇచ్చి వంతులు వేయాలి, బెంగళూరు ఆసుపత్రిలో దొరక్కపోరు. వార్త చెప్పాక పదిహేను నిమిషాలైనా డాక్టరు అక్కడ ఉండాలి. ఒక మరణం తర్వాత వెంటనే కొత్త కేసు ఇవ్వకూడదు. వారానికోసారి ఒక సీనియర్‌తో కేసులు మాట్లాడుకునే సూపర్‌విజన్ ఉండాలి, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివేటప్పుడు ఉన్నది ఉద్యోగంలో చేరాక ఎందుకు పోవాలి? పేషెంట్ల కోసం ఆసుపత్రి ఒక ఫోన్ ఇవ్వాలి, సాయంత్రం అది డ్యూటీ నర్సు చేతికి పోవాలి. అన్నీ ఒప్పుకోరు. మొదటి రెండూ ఒప్పుకున్నా మీకు తేడా తెలుస్తుంది.

మాట్లాడటానికి ఒక మనిషి మీకూ కావాలి. తోటివాళ్ల కంట పడతామనే సంకోచం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఇంటి నుంచే ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగు భాష ఎంచుకోవచ్చు. నేరుగా కలవాలంటే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వారి సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. అది హోసూరు రోడ్డులోని పెద్దాసుపత్రికి విడిగా ఉంటుంది.

మీవారి మాటలో ప్రేమ ఉంది, కాదనను. అయితే నిద్ర లేని మూడో జాములో తీసుకున్న నిర్ణయాల మీద నాకు నమ్మకం తక్కువ. ముందు రెండు మూడు వారాలు సెలవు పెట్టండి, పరీక్షలు, మాత్ర సంగతి చూసుకోండి, తిరిగొచ్చాక నోట్‌బుక్ మొదలుపెట్టండి. ఆసుపత్రికి మూడు నెలలు టైమివ్వండి. ఆ తర్వాతా ఏమీ మారకపోతే మానేయడం ఓటమి కాదు, పిల్లల ఆసుపత్రులో, కాలేజీలో, వేరే చోట్లో మీ అనుభవానికి గిరాకీ ఉంటుంది. ఈలోగా నోటీసు పీరియడ్ ఎంతో, పీఎఫ్ లెక్కేమిటో హెచ్‌ఆర్‌లో కనుక్కుని ఉంచుకోండి. ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి గ్రాట్యుటీ కూడా వస్తుంది, అడగడం మర్చిపోకండి.