ప్రోటాన్ డోసు లెక్కకు అన్ని రోజులెందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పుర్రె అడుగున కార్డోమా అనే కణితి ఉంటే ముక్కు ద్వారా ఆపరేషన్ చేశారు. మిగిలిన కణితికి ప్రోటాన్ థెరపీ ఇస్తామన్నారు. స్కాన్ తీసి పది రోజులైనా ఇంకా డోసు లెక్కలే జరుగుతున్నాయి. కాగితంలో ‘74 గ్రే (ఆర్‌బీఈ), 37 సిట్టింగులు’ అని ఉంది. ఈ ఆలస్యం ప్రమాదమా?
- ఒక పాఠకురాలు

జవాబు: కార్డోమా సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. పది రోజులకు భయపడకండి. బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం), కంటి నరాలు పక్కనే ఉంటాయి కాబట్టి తొందరపడి లెక్క తప్పితేనే నష్టం.

గ్రే అంటే కిలో కణజాలానికి ఒక జౌల్ శక్తి అందడం. ప్రోటాన్ల ప్రభావం ఎక్స్‌రేల కంటే సుమారు 10 శాతం ఎక్కువని లెక్కగట్టి, డోసును 1.1తో గుణించి పక్కన ఆర్‌బీఈ (ఎక్స్‌రేలతో పోల్చి చూసిన ప్రభావం) అని రాస్తారు. అంటే రోజుకు 2 గ్రే (ఆర్‌బీఈ) అని ఉంటే నిజంగా అందేది 1.82 గ్రే.

అసలు కష్టం ప్రోటాన్ ఎక్కడ ఆగుతుందో తేల్చడంలో ఉంది. ఎక్స్‌రే శరీరం దాటి అవతలికి పోతుంది. ప్రోటాన్ మాత్రం ఆగే ముందు చివరి మిల్లీమీటర్లలో ఎక్కువ శక్తిని కుమ్మరించి అక్కడే ఆగిపోతుంది. ఇదే బ్రాగ్ పీక్. 150 ఎంఈవీ (కణాల శక్తిని కొలిచే యూనిట్) శక్తి ఉన్న ప్రోటాన్ నీటిలో దాదాపు 16 సెంటీమీటర్లు వెళ్తుంది. నీటిలో లెక్క తేలికే. తలలో అలా కాదు, ఎముక త్వరగా ఆపేస్తుంది, గాలి దాదాపు ఆపనే ఆపదు. అందుకే సీటీలో చుక్కచుక్కకూ ఎంత అడ్డు తగులుతుందో ఫిజిసిస్టు అంచనా కడతారు. ఇందులో సుమారు 3.5 శాతం తేడా ఉండొచ్చని ముందే ఒప్పుకుంటారు. పది సెంటీమీటర్ల లోతులో అది మూడున్నర మిల్లీమీటర్లు! తల కాస్త జరిగితే, కిరణం కాస్త ముందో వెనకో ఆగితే ఏమవుతుందో ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో వేసి చూస్తారు. ఆగేచోట ప్రభావం 1.1 రెట్ల కంటే ఎక్కువే ఉండొచ్చు. అందుకని కిరణాలన్నీ బ్రెయిన్‌స్టెమ్ ముంగిటే ఆగకుండా వేర్వేరు దిక్కుల నుంచి పంపుతారు. ఆ ప్లాన్‌ను ఫాంటమ్‌పై (మనిషికి బదులు కొలతలకు వాడే నమూనాపై) నడిపి, డోసు కొలిచి చూశాకే మనిషికి ఇస్తారు.

మీరు గమనించాల్సింది ముక్కును. ఆపరేషన్ అయింది కాబట్టి సైనస్‌లలో శ్లేష్మం పేరుకోవచ్చు. స్కాన్ రోజు గాలి ఉన్నచోట సెంటీమీటరు మేర శ్లేష్మం నిండితే, ఆ దారిన వెళ్లే ప్రోటాన్ దాదాపు సెంటీమీటరు ముందే ఆగుతుంది. కణితి అవతలి అంచుకు డోసు అందదు. అందుకే మధ్యమధ్యలో మళ్లీ సీటీ తీస్తారు, అవసరమైతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అది ఏయే వారాల్లో తీస్తారో ఇప్పుడే అడిగి రాసుకోండి. ముక్కు దిబ్బడ వేసినా, బరువు తగ్గి, తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్ వదులైనా ఆ రోజే చెప్పండి. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి.