నైట్స్ ఆఫ్ కొలంబస్ చాప్లిన్ పదవి కాథలిక్ గురువులకు పూర్తికాల ఉద్యోగమా?

సాధారణంగా కాదు. అమెరికాలో పుట్టిన ఈ కాథలిక్ పురుషుల సేవాసంఘాన్ని నడిపేది గృహస్థులు, అంటే గురువులు కాని విశ్వాసులు. ఇందులో స్థానిక శాఖకు చాప్లిన్‌గా, అంటే ఆధ్యాత్మిక మార్గదర్శిగా ఉండేది మామూలుగా ఏదో ఒక విచారణ (పారిష్) గురువే. పూజలు, పాపసంకీర్తనల (కన్ఫెషన్) వంటి తన పనుల మధ్యే సభ్యులకూ తోడుంటారు. పైస్థాయిలోనూ అంతే. 2005లో సుప్రీం చాప్లిన్ (సంఘం మొత్తానికీ చాప్లిన్) అయ్యేనాటికి విలియం లోరి అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ పీఠాధిపతి (బిషప్). 2012లో బాల్టిమోర్ అగ్రపీఠాధిపతిగా (ఆర్చ్‌బిషప్) వెళ్లినా ఈ బాధ్యత వదల్లేదు.

తమాషా ఏమిటంటే, 1882లో న్యూ హేవెన్‌లో సంఘాన్ని స్థాపించిన ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీ మొదట చేసింది సెక్రటరీ పని! 1884లో అది వదిలాకే సుప్రీం చాప్లిన్ అయ్యారు. అదే ఏడాది థామస్టన్ విచారణకు వెళ్లి, 1890లో 38 ఏళ్లకే చనిపోయేదాకా రెండూ మోశారు. తర్వాతి కాలంలో ఆయన తమ్ముళ్లు, పాట్రిక్, జాన్, ఇద్దరూ గురువులే, ఒకరి తర్వాత ఒకరు ఇదే పదవి చేపట్టారు.