పిట్‌బుల్ పిల్ల మేకల కాపలాకు పనికొస్తుందా?

ప్రశ్న: మాకు ముప్పై మేకలున్నాయి. రాత్రుళ్లు నక్కలొచ్చి మేకపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. కాపలాకని మా అబ్బాయి విశాఖ నుంచి రెండు నెలల పిట్‌బుల్ పిల్లను తెచ్చాడు. అది పట్టిందంటే దవడకు తాళం పడిపోతుందని, పెద్దయ్యాక యజమాని పీకే పట్టుకుంటుందని ఊళ్లో భయపెడుతున్నారు. పచ్చిమాంసం, మిరపకాయలు పెడితే కాపలాకు పదునెక్కుతుందని ఇంకొకరి సలహా. ఉంచుకోమంటారా, ఇచ్చేయమంటారా?
– ఒక రైతు, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: దవడకు తాళం పడటం ఉత్తమాట. దాని ఎముకలు, కీళ్లు మీ వీధికుక్కకు ఉన్నట్టే ఉంటాయి. కానీ పట్టింది వదలకుండా గుంజే మొండితనం మాత్రం ఉంది. ఇంగ్లండులో ఎద్దుల మీదికి ఉసిగొల్పే బుల్‌డాగ్‌లను టెర్రియర్లనే చిన్న వేటకుక్కలతో కలిపి పుట్టించిన సంతతి ఇది. 1835లో అక్కడ ఆ ఆట నిషేధించాక కుక్కల పందేలకు వాడారు. అందుకే మనుషులతో బాగానే ఉండే పిట్‌బుల్ కూడా తోటి జంతువు కనిపిస్తే మీదికి దూకవచ్చు. మీ విషయంలో అసలు చిక్కు అదే. పరుగెత్తే మేకను చూస్తే తరమాలనిపించే కుక్కను మందలో వదలకండి. నక్కల కోసమైతే దడి గట్టిగా వేసి, చిన్నప్పటి నుంచి మేకల మధ్యే పెరిగిన నాటు కుక్కను పెట్టుకోండి.

యజమాని మీదికి వస్తుందా అంటే, జాతి పేరు చూసి చెప్పలేం. 2022లో 18 వేలకు పైగా కుక్కల వివరాలతో అమెరికాలో జరిగిన అధ్యయనంలో, కుక్కల ప్రవర్తనలో తేడాలకు జాతి సుమారు 9 శాతమే కారణమని తేలింది. అయినా అదే ఏడాది లక్నోలో ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ కరిచి 82 ఏళ్ల వృద్ధురాలు చనిపోయారు. కరిచే కుక్కలు అన్ని జాతుల్లోనూ ఉంటాయి, ఇంత కండ ఉన్నది కరిస్తే గాయం తీవ్రంగా ఉంటుంది. చంటిపిల్లల్ని దాని దగ్గర ఒంటరిగా వదలొద్దు. ఆ మాటకొస్తే ఏ కుక్క దగ్గరా వదలకూడదు.

పచ్చిమాంసంతో కోపం పెరగదు, పెరిగేది పురుగులు. మేకను కోసినప్పుడు కాలేయం మీద, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తెల్లటి తిత్తులు చూసే ఉంటారు. అవి కుక్కకు వేస్తే దాని పేగుల్లో బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు పెంటతో గడ్డి మీదికి, అక్కడి నుంచి మేకలకు, చేతులు కడుక్కోకపోతే మీకూ చేరి మళ్లీ తిత్తులు కడతాయి. తిత్తులున్న భాగాలను లోతుగా పాతిపెట్టండి, మాంసం ఉడికించే పెట్టండి. మిరపకాయలతో కడుపు మండుతుంది, బాధలో ఉన్న జంతువు త్వరగా కరుస్తుంది.

ఉంచుకుంటే ఇంటి కుక్కగానే ఉంచుకోండి. కుక్కపిల్ల కొత్తవాటికి అలవాటుపడే వయసు సుమారు 14 వారాల వరకే. అంటే మీకింకా ఐదు వారాలుంది. ఈలోగా పిల్లలు, ముసలివాళ్లు, గొడుగు పట్టుకున్నవాళ్లు, సైకిళ్లు, మోటార్ల చప్పుడు అన్నీ దానికి పరిచయం కావాలి. పగలంతా గొలుసుతో కట్టేస్తే భయం, కోపం రెండూ ముదురుతాయి. మీ అబ్బాయికి రోజూ తిప్పే తీరిక లేకపోతే ఉన్నవాళ్లకు ఇప్పుడే ఇచ్చేయడం మేలు. ఎవరి దగ్గరున్నా పశువుల డాక్టరుతో పురుగుల మందు, పార్వో (రక్తవిరేచనాల జబ్బు) టీకాలు, మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించాలి.