మొదటి ఇంకు పెన్ను చవకదే కొనండి, పాళీ మాత్రం సన్నది చూసుకోండి

పదో తరగతితో వదిలేసిన ఇంకు పెన్నును ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకోవాలనిపిస్తోందని రాశారు. రాజమహేంద్రవరంలో చేత్తో తయారుచేసే పెన్నును నేరుగా కొనేయాలా, మామూలు దానితో మొదలుపెట్టాలా అని అడిగారు. చొక్కా జేబు పాడవుతుందన్న భయం ఒకటి, ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి కూడా ఒకటి ఇవ్వవచ్చా అన్న సందేహం ఒకటి చివర చేర్చారు. నేను పెన్నులు బాగుచేసేవాణ్ణీ కాను, అమ్మేవాణ్ణీ కాను. లెక్కలు రాసే ఉద్యోగంలో ఉండటం వల్ల రోజుకు నాలుగైదు పేజీలు చేత్తో రాయవలసి వస్తుంది. 2008 నుంచి ఆ రాత అంతా ఇంకు పెన్నుతోనే సాగుతోంది. కాబట్టి నేను చెప్పేది పాడుచేసుకుని నేర్చుకున్న విషయమే తప్ప చదివి చెప్పేది కాదు.

మొదటి పెన్ను ఖరీదైనది వద్దని నేను అనడానికి కారణం డబ్బు కాదు, మీ చెయ్యి. ఇరవై ఏళ్ళు బాల్ పెన్నుతో రాసిన చేతికి నొక్కి రాయడం అలవాటైపోయి ఉంటుంది, ఎందుకంటే బాల్ పెన్నులో చిక్కటి సిరా కాగితం మీదికి దిగాలంటే ఆ గుండు తిరగాలి, గుండు తిరగాలంటే మనం కొంత అదమాలి. ఇంకు పెన్నులో ఆ అవసరం లేదు. పాళీ కొస కాగితాన్ని తాకితే చాలు, నీళ్ళలాంటి ఇంకు చీలిక వెంట తనంతట తానే దిగుతుంది. ఇది నాకు తెలుసుననే అనుకున్నాను, అయినా మొదటి నెలలోనే ఒక మంచి పెన్ను పాళీని అదిమి అదిమి చీలిక దగ్గర రెండు కొసలూ ఎడం అయ్యేలా చేశాను, ఆ తర్వాత అది ఒక గీతకు బదులు రెండు గీతలు గీసేది. అందుకని వంద రూపాయలకో రెండు వందలకో దొరికే మామూలు పెన్నుతో రెండు మూడు నెలలు రాయండి. రాశాక ఆ పేజీ వెనకవైపు వేలితో తడిమి చూస్తే అక్షరాలు ఉబ్బెత్తుగా తగలకూడదు. అలా తగలని రోజు మీ చెయ్యి మారిందని లెక్క. (కార్బన్ కాగితం పెట్టి రాసే రసీదు పుస్తకాలకు మాత్రం బాల్ పెన్నే కావాలి. నా బల్ల మీద ఇప్పటికీ ఒకటి ఉంటుంది.)

ఇక పాళీ సంగతి. విదేశీ పెన్నుల గురించి ఇంగ్లీషులో రాసేవారు మీడియం, అంటే మధ్యరకం లావు గీత గీసే పాళీ కొనమని తరచుగా సలహా ఇస్తారు. వాళ్ళ లిపికి అది సరిపోతుంది కానీ మన లిపికి నా అనుభవంలో అది పనికిరాలేదు. తెలుగులో సగం అక్షరాలు సున్నాలే. వాటి లోపల ఖాళీ ఉంటేనే ఘ, ఝ, మ, య వేటికవిగా తెలుస్తాయి, పైగా కింద ఒత్తులు, పక్కన వట్రుసుడి, పైన గుడి. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాట రాసి చూడండి: ‘ష’ కింద ‘ట’ ఒత్తు, దాన్ని చుడుతూ ‘ర’ ఒత్తు రావాలి. లావు పాళీతో గీతల పుస్తకంలో రాస్తే నాకు ఆ చోట నలిగిన చీమ ఒకటి మిగిలేది. సన్నపాళీతో మూడూ విడివిడిగా నిలుస్తాయి. దుకాణంలో ‘ఫైన్’ అని అడగండి. జపాన్ కంపెనీల ఫైన్ పాళీ సాధారణంగా ఐరోపా వాళ్ళ ఫైన్ కంటే సన్నగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. పాళీని పరీక్షించేటప్పుడు అందరూ సంతకమే పెడతారు. అది మనం కళ్ళు మూసుకుని కూడా పెట్టగలిగినది కాబట్టి దానితో ఏమీ తెలియదు. ఒత్తులున్న వాక్యం ఒకటి రాసి చూడడం మేలు.

కాగితం గురించి ఎక్కువ చెప్పను. పలచటి నోటుపుస్తకంలో ఇంకు అక్షరం అంచుల నుంచి సన్నటి వేళ్ళలా పాకి వెనక పేజీకి కూడా దిగుతుంది, ఆ తప్పు పెన్నుది కాదు.

రాజమహేంద్రవరం పెన్ను మీద మీకున్న మోజు నాకు అర్థమవుతుంది. 1932లో రత్నం గారు మొదలుపెట్టిన స్వదేశీ పెన్నుల పరిశ్రమ, ఆ పెన్ను అందుకుని వాడిన గాంధీజీ 1935లో రాసిన ఉత్తరం, ఇవన్నీ వింటూ పెరిగిన గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ కోరిక ఉండకపోతేనే వింత. ఆ ఊరి చేతిపని పెన్నులు చాలావరకు ఎబొనైట్‌తో చేస్తారు, అంటే గంధకం బాగా కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు. ఆ కడ్డీని లేత్ మీద తిప్పుతూ గొట్టంగా తొలిచి మరలు కోస్తారు. చేతిలో పట్టుకుంటే ప్లాస్టిక్‌లా చల్లగా, జారుడుగా కాకుండా కొంచెం వెచ్చగా ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు మూత తీస్తే లోపలి నుంచి గంధకం వాసన వస్తుంది, అది లోపం కాదు.

అయితే వీటిలో చాలా వాటికి కార్ట్రిడ్జ్ (ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం), కన్వర్టర్ (సీసాలోని ఇంకును పీల్చి నింపుకునే గొట్టం) ఉండవు. డ్రాపరుతో గొట్టంలోకే నేరుగా ఇంకు పోస్తారు. మీ జేబు భయానికి సమాధానం అక్కడే ఉంది. నేను ఇలాంటి పెన్ను కొన్న మొదటి వేసవిలో, మే నెల మధ్యాహ్నం, బస్సులో ఏలూరు వెళ్తూ కిటికీ పక్కన కూర్చున్నాను. పెన్నులో ఇంకు అడుగున కొంచెమే ఉంది. దిగేసరికి తెల్లచొక్కా జేబు కింద అరచేయంత నీలం మచ్చ. ఆ పెన్ను చేసినవాళ్ళను వారం రోజులు మనసులో తిట్టుకున్నాను గానీ తప్పు నాదేనని తర్వాత తెలిసింది. గొట్టంలో ఇంకు తగ్గినకొద్దీ దాని స్థానంలో గాలి చేరుతుంది. ఒంటి వేడికి, ఎండకు ఆ గాలి వ్యాకోచించి మిగిలిన ఇంకును పాళీ వైపు తోస్తుంది. నిండుగా ఉన్న పెన్నులో గాలి తక్కువ కాబట్టి ఆ తోపుడూ తక్కువే. అప్పటి నుంచి మూడో వంతు మిగిలేసరికి మళ్ళీ నింపుతున్నాను, మరల దగ్గర సిలికాన్ గ్రీజు పలచగా రాస్తున్నాను, జేబులో పాళీ పైకే ఉండేలా పెట్టుకుంటున్నాను. విమానంలో పైకి వెళ్ళినప్పుడు చుట్టూ గాలి ఒత్తిడి తగ్గినా ఇదే జరుగుతుంది, జాగ్రత్తలు కూడా ఇవే. ఈ పద్ధతి పట్టుబడ్డాక ఆ పెన్నంత సుఖం మరొకటి లేదు, ఎందుకంటే కన్వర్టర్‌లో ఒక మిల్లీలీటరు కూడా సరిగా పట్టదు, దీనిలో రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది, నాకు వారానికి పైగా వస్తుంది. మొత్తానికి కొనండి, కానీ రెండో పెన్నుగా కొనండి.

ఇంకు విషయంలో నేను చేసిన వెధవపని ఒకటి చెప్పక తప్పదు. నల్లటి నలుపు కావాలన్న ఆశతో, బొమ్మలు గీసేవాళ్ళు వాడే డ్రాయింగ్ ఇంకును పెన్నులో పోశాను. అందులో ఆరిన తర్వాత నీళ్ళకు కరగకుండా ఉండడానికి లక్క లాంటి బంధకం కలుపుతారు. కాగితం మీద ఏ పని చేస్తుందో పెన్ను లోపలా అదే పని చేసింది. పాళీ కింద గాడి ఉన్న ముక్కను ఫీడ్ అంటారు, ఆ గాడి పూర్తిగా బిగుసుకుపోయి నాలుగు రోజులు నానబెట్టినా రాలేదు. సీసా మీద ఫౌంటెన్ పెన్ను ఇంకు అని ఉన్నదే కొనండి. పాతరకం బ్లూబ్లాక్ ఇంకుల్లో ఇనుప లవణం ఉంటుంది. ఒకప్పుడు మన ఇళ్ళలో కరక్కాయ, అన్నభేది కలిపి కాచుకున్న సిరా కూడా ఆ జాతిదే. అది నీళ్ళు పడినా చెరగదు, దస్తావేజులకు మంచిది, కానీ పెన్నులో ఎండనిస్తే స్టీలు పాళీని తినేస్తుంది. మొదటి ఏడాది మామూలు రాయల్ బ్లూ చాలు.

కడగడం సులువే. కొత్త పెన్ను లోపల తయారీలో అంటిన నూనె మిగిలి ఉంటే ఇంకు తెగి తెగి వస్తుంది, కాబట్టి నింపే ముందు ఒక చుక్క అంట్లుతోమే సబ్బుద్రవం కలిపిన నీళ్ళతో, తర్వాత మంచినీళ్ళతో కడగండి. ఆ తర్వాత నెలకోసారి, ఇంకు రంగు మార్చినప్పుడల్లా కడిగితే సరిపోతుంది. ఎబొనైట్‌కు వేడినీళ్ళు వాడకండి, నలుపు పోయి మట్టిరంగుకు తిరుగుతుంది. ఎండలో ఎక్కువకాలం ఉంచినా అంతే.

ఇంకొక మాట, ఇది కేవలం నా అభిప్రాయం. ఈ అలవాటు మొదలైన వాళ్ళలో చాలామంది ఆరు నెలలు తిరిగేసరికి ఇరవై పెన్నుల వాళ్ళవుతారు, అందులో పద్దెనిమిది లోపల ఇంకు ఎండి పడి ఉంటాయి. నా దగ్గర నాలుగు ఉన్నాయి, వాటిలో నాలుగోది అనవసరం.

మీ అమ్మాయికి తప్పకుండా ఇవ్వండి. కార్ట్రిడ్జ్ వేసే చవక పెన్ను, ఉతికితే పోయే రకం నీలం ఇంకు ఇవ్వండి. తెల్ల యూనిఫారం ఉన్న రోజు మాత్రం పెన్ను పెట్టెలోనే ఉండాలని ముందే చెప్పండి. పేజీ మీద ఇంకు చుక్క పడితే అద్దుడు కాగితం కోసం వెతకనక్కరలేదు; మా రోజుల్లో సుద్దముక్కను ఆ చుక్క పక్కన ఆనించేవాళ్ళం, రుద్దకుండా, ఊరికే ఆనిస్తే ఇంకు దానిలోకి ఎక్కి సుద్ద కొస నీలమయ్యేది. పరీక్ష మధ్యలో ఇంకు అయిపోయిన పక్కవాడికి మన పెన్ను విదిలించి బల్ల మీద రాల్చిన చుక్కలను వాడు తన పాళీతో పీల్చుకునేవాడు, ఐదు చుక్కలు అప్పని లెక్క కూడా ఉండేది. కార్ట్రిడ్జ్ పెన్నుతో ఆ అప్పులు కుదరవు, కాబట్టి పరీక్ష రోజున పెట్టెలో అదనంగా ఒక కార్ట్రిడ్జ్ పెట్టి పంపండి.