ఆవిడ ‘మీ ఇష్టం’ అంది, నాన్నగారు మాట మానేశారు

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. మాది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. ఇప్పుడు శ్రీకాకుళం టౌన్‌లో ఉంటున్నాం. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నైట్ షిఫ్టులు, ఇప్పుడు ఇంటి నుంచే పని. నా భార్య బ్యాంకులో చేస్తుంది. ఐదేళ్ల పాప ఉంది. మా తాత చేపల వేటకి సముద్రంలోకి వెళ్లి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. నాన్నగారు చదువుకుని టీచరై రిటైరయ్యారు. నాకు చిన్నప్పటి నుంచీ సముద్రం పిచ్చి. ఇంగ్లండ్ నుంచి బయలుదేరి తెరచాప పడవల మీద ప్రపంచం చుట్టివచ్చే క్లిప్పర్ రేసులో మామూలు మనుషులు కూడా డబ్బు కట్టి, ట్రైనింగ్ తీసుకుని సిబ్బందిగా చేరొచ్చు. కేప్‌టౌన్ నుంచి ఆస్ట్రేలియా వెళ్లే ఒక్క అంచెకి పేరిచ్చాను. ఒక ఎఫ్‌డీ రద్దు చేసి డిపాజిట్ కట్టాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. వెళ్తానంటే నాన్నగారు నాతో మాట మానేశారు. భార్య ‘మీ ఇష్టం’ అంది. నాన్నగారిని ఎలా ఒప్పించాలి?

జవాబు: మీరు పంపిన ఉత్తరం మూడు పేజీలుంది. పైన నేను కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో రెండున్నర పేజీలు పడవ గురించే. డెబ్బై అడుగుల పొడవు, పడవలన్నీ ఒకే అచ్చు, మొత్తం చుట్టు 40 వేల నాటికల్ మైళ్లు. ఈ పోటీ పెట్టిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో భూమిని చుట్టొచ్చిన మొదటి మనిషి అనీ, ఆయన పడవ సుహైలి మన బొంబాయిలో కట్టిందేననీ కూడా రాశారు. అబద్ధం ఎందుకు, చదువుతుంటే నాకూ హుషారొచ్చింది. నాకు సముద్రం అంటే చింతపల్లి ఒడ్డున మోకాళ్ల లోతు, అంతే. మీ ఆవిడ గురించి మాత్రం రెండే వాక్యాలు. బ్యాంకులో పని చేస్తుందని ఒకటి. ‘మీ ఇష్టం’ అందని రెండోది.

ఆ రెండో వాక్యం రాసేసి మీరు మళ్లీ పడవ ఎక్కేశారు. నేను అక్కడే ఆగిపోయాను.

కూర ఏం వండమంటారు అంటే మనం అనే ‘మీ ఇష్టం’ ఒకటి. మొహం చూడకుండా, గిన్నెలు సర్దుతూ అనే ‘మీ ఇష్టం’ ఇంకొకటి. మీ ఆవిడ ఎలా అంది? అన్నాక మళ్లీ ఎంతసేపటికి మాట్లాడింది, దేని గురించి మాట్లాడింది? పాపని స్కూలు నుంచి ఎవరు తీసుకురావాలి, గ్యాస్ బుక్ చేశారా, ఇలాంటివే అయితే ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు. మీరు ముందే నిర్ణయించుకుని వచ్చి అడుగుతున్నారని ఆవిడకి తెలిసిపోయింది. విజయనగరంలో ఇన్నేళ్లుగా నా దగ్గరికి సలహాకి వచ్చే భార్యల్లో సగం మంది ఏదో ఒక రోజు ఈ మాట అనే ఊరుకున్నవాళ్లే. ఆ రోజు భర్త అక్కడితో వదిలేశాడు. ఏడెనిమిదేళ్లు గడిచాక అది నా ముందుకొచ్చింది.

ఇక ఎఫ్‌డీ. బ్యాంకులో పని చేసే మనిషికి ఇంట్లో ఎఫ్‌డీ రద్దయిన సంగతి తెలియదనుకుంటున్నారా? వేరే బ్యాంకులో ఉన్నా సరే, కాగితాలు ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు, ఎప్పుడు గడువు తీరుతుందో తెలుసు. నా అనుమానం, ఆవిడ ‘మీ ఇష్టం’ అన్నది పడవ గురించి కాకపోవచ్చు. మీ అంతట మీరు చెబుతారేమోనని చూస్తూ ఉండి ఉండొచ్చు. తెలియకపోతే ఇంకా కష్టం. రేపు నామినీ మార్చడానికో, పాప స్కూలు ఫీజుకో కాగితాలు తీసినప్పుడు తెలుస్తుంది.

మీరు సముద్రం ఒడ్డు పిల్లాడు కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. మీ జిల్లా నుంచి, మా జిల్లా నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి పోతారు కదా, వానాకాలంలో వెళ్లి ఏడెనిమిది నెలలు మరపడవల మీదే. వాళ్లూ ఇల్లు వదిలి సముద్రంలోకి పోయేవాళ్లే. పోయే ముందు ఏం చేస్తారు? యజమాని ఇచ్చిన అడ్వాన్సు తెచ్చి భార్య చేతిలో పెడతారు. అందులోంచి కిరాణా బాకీ తీరుతుంది, పిల్లల బట్టలు వస్తాయి, మిగిలింది ఏమైనా ఉంటే ఆవిడ కొంగున కట్టుకుంటుంది. 2018 నవంబరులో వాళ్లలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుపోతే తిరిగి ఇంటికొచ్చేసరికి 2020 జనవరి అయింది. అంతకాలం ఇళ్లు నడిపింది ఆడవాళ్లే, ఏది ఎక్కడుందో, ఎవరికి ఎంత ఇవ్వాలో తెలుసు కాబట్టి నడపగలిగారు. వాళ్లు ఇంటికి డబ్బిచ్చి వెళ్లారు. మీరు ఇంట్లోంచి తీసుకుని వెళ్తున్నారు, అదీ చెప్పకుండా. మీరు పెద్ద తప్పు చేశారని నేను అనను. మీ డబ్బే, మీ కోరికే. కానీ నాన్నగారిని ఎలా ఒప్పించాలి అన్న ప్రశ్న రెండోది. మొదటిది వంటింట్లో ఉంది.

కాబట్టి ముందు ఆవిడకి చెప్పండి. ఎంత రద్దు చేశారు, వడ్డీ ఎంత పోయింది, డిపాజిట్ ఎంత, ఇంకా ఎంత కట్టాలి, విమానం టికెట్లు, వీసాలు, జీతం లేని సెలవు అన్నీ కలిపితే ఎంతవుతుంది, ఒక కాగితం మీద రాసి చూపించండి. చెప్పే రోజు పడవ గురించి ఒక్క మాట ఎత్తకండి. ఆవిడ కోప్పడితే పడనివ్వండి. ‘అందుకే కదా నీకు చెప్పలేదు’ అనే మాట నోట్లోంచి రాకూడదు. ఆ మాట వస్తే ఇక నా దగ్గర కూడా సలహా లేదు.

నాన్నగారి సంగతికి వస్తాను. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఆయన ఇప్పటికీ ఊరికి ఫోన్ చేసి ఎన్ని పడవలు వెనక్కొచ్చాయో అడుగుతారని ఉత్తరం చివర్లో, ఏదో మామూలు సంగతిలా రాశారు. తిత్లీ వచ్చిన రాత్రి కూడా నిద్రపోకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నారని రాశారు. ఆయన చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, టౌన్‌లో ఇల్లు కట్టింది కొడుకు ఆ లెక్కలో ఉండకూడదనే. ఇప్పుడు ఆ కొడుకు డబ్బు ఎదురు కట్టి మరీ పడవెక్కుతానంటే మాట రాకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆయన ముందు మీరు వాడిన వాదనలు చూశాను. తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల పేరెత్తారు. నిజమే, 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 254 రోజులకి తిరిగొచ్చారు, మన విశాఖపట్నం స్వాతి కూడా అందులో ఉంది, మనందరికీ గర్వమే. కానీ వాళ్లది ఉద్యోగం. ముందే మారిషస్ దాకా వెళ్లొచ్చి సాధన చేశారు, జీతం ఇంటికి వస్తూనే ఉంది, వెనక నేవీ ఉంది. నేవీలో పనిచేసిన అభిలాష్ టామీ సంగతీ చెప్పారట. ఒంటరిగా ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ అనే వేరే పోటీలో, 2018లో, హిందూ మహాసముద్రం మధ్యలో తెరచాప కొయ్య విరిగి, నడుముకి దెబ్బ తగిలి కదలలేక పడి ఉంటే మూడో రోజుకి ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. అదే మనిషి మళ్లీ అదే పోటీకి వెళ్లి 2023లో రెండో స్థానంలో వచ్చాడు. మీకు ఈ కథలో రెండో సగం వినపడుతుంది. మీ నాన్నగారికి మొదటి సగమే వినపడుతుంది.

‘క్లిప్పర్ రేసులో ఇన్నేళ్లలో పోయింది ముగ్గురే’ అని కూడా అన్నారట. బాబూ, ఆ మాట ఆ ఇంట్లో ఎలా అనగలిగారు? 2015-16 పోటీలో ఇద్దరు, 2017లో ఒకరు. వాళ్లలో ఇద్దరికి సముద్రంలోనే అంత్యక్రియలు చేశారు, ఒడ్డు అంత దూరం కాబట్టి. మీ తాతకి శవం లేకుండానే కర్మ చేసింది మీ నాన్నగారే కదా. పైగా 2017లో పోయినాయన మీరు ఎంచుకున్న ఆ కేప్‌టౌన్-ఆస్ట్రేలియా అంచెలోనే పోయారు. నడుముకి తాడు ఉంది. ఆ తాడు కొక్కెం డెక్ మీది బిగింపు కింద ఇరుక్కుని, పక్కకి లాగుడు పడి, వంగి ఊడిపోయింది. అంచేత ‘బెల్టు కట్టుకుంటే ఏం కాదు’ అని ఇంట్లో అన్న మాట కూడా వెనక్కి తీసుకోండి. ప్రమాదం ఉంది, ఇంత ఉంది, తగ్గించుకోవడానికి ఇవి చేస్తారు అని చెప్పండి. భయపడేవాళ్లకి భయం లేదని చెబితే వాళ్లు మిమ్మల్నే నమ్మడం మానేస్తారు.

నాన్నగారి దగ్గర వాదన ఆపేయండి. ఒక ఆదివారం ఇద్దరూ బస్సెక్కి ఊరికి వెళ్లండి. తాత బయలుదేరిన చోటు చూపించమనండి. ఆ రోజు గాలి ఎటుంది, ఎవరెవరు వెళ్లారు, ఎన్ని రోజులు ఎదురుచూశారు, నాయనమ్మ ఏం చేసింది, అడగండి. మీకు 34 ఏళ్లొచ్చినా ఈ సంగతులు తెలియవు, మీ ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది అంతే. ఆయన చెప్పకపోతే ఊరికే కూర్చుని వచ్చేయండి. ఒప్పించడానికి వెళ్లకండి, వినడానికే వెళ్లండి. ఆయన ఎప్పటికీ సంతోషంగా పంపకపోవచ్చు. అది మీరు ఆయన్ని అడగకూడదు కూడా.

మిమ్మల్ని ఒకటి అడగాలి. సముద్రంలోకి వెళ్లాలని ఉందా, లాప్‌టాప్ ముందు నుంచి పారిపోవాలని ఉందా? రెండూ కలిసి ఉన్నా తప్పు లేదు, కానీ తెలిసి ఉండాలి. ఎందుకంటే నైట్ షిఫ్టు అక్కడా ఉంది. రాత్రంతా నాలుగు గంటలు పని, నాలుగు గంటలు పడక. ఆ పడక కూడా మీ ఒక్కరిదే కాదు, మీరు లేచి వెళ్లగానే ఇంకొకరు అందులో పడుకుంటారు. పడవ రోజుల తరబడి ఒక పక్కకే ఒరిగి ఉంటుంది, అన్నం తిన్నా ఒరిగే తినాలి. మొదటి మూడు రోజులు వాంతులు. దక్షిణాన నలభై డిగ్రీల అక్షాంశం దాటాక గాలికి అడ్డంగా నేల దాదాపు లేదు, చలి ఎముకల్లోకి పోతుంది, వేసుకున్న బట్టలు ఆరవు. ఇలా సుమారు మూడు వారాలు. ఒక్కో పడవలో నడిపే కెప్టెనూ, అతని పక్కన మరొకరూ తప్ప మిగతా ఇరవై మందీ డబ్బు కట్టి వచ్చిన మీలాంటివాళ్లే.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. వంతులవారీగా ఇద్దరు చొప్పున ఒక రోజంతా అందరికీ వండి, గిన్నెలు తోమి, మరుగుదొడ్డి కడగాలి. దాన్ని వాళ్లు ‘మదర్ వాచ్’ అంటారు! పేరు ఎవరు పెట్టారో గానీ తెలిసే పెట్టారు. ఇంట్లో కుక్కర్ ఎన్నిసార్లు పెట్టారు మీరు? ట్రైనింగ్ ఇంగ్లండ్‌లోనే మొదలవ్వక్కర్లేదు, ఈ ఆదివారం నుంచి మొదలుపెట్టొచ్చు. మీ ఆవిడకి నవ్వొస్తే అదే మంచి శకునం.

ఇంకో మాట, మీరు ఇంతవరకు సముద్రంలో ఒక్క రాత్రి గడిపినట్టు ఉత్తరంలో లేదు. ఒడ్డున పుట్టడం వేరే సంగతి. మిగతా డబ్బు కట్టే ముందు చెన్నైలో రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ లాంటి చోట్ల, గోవాలో, వారం పది రోజులు తెరచాప పడవ ఎక్కి చూడండి. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో కూడా నేర్పుతారు గానీ మీకు కావలసింది అల, చెరువు సరిపోదు. వాంతుల తర్వాత కూడా మళ్లీ ఎక్కాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ఎక్కాలనిపించకపోతే తక్కువ ఖర్చులో తేలిపోయింది.

అన్నీ చెప్పాక మీ ఆవిడ వద్దంటే? ఈసారికి మానుకోండి. ఈ పోటీ రెండేళ్లకోసారి వస్తుంది, పెద్ద వయసుకి అడ్డు లేదు, అరవై దాటినవాళ్లు కూడా వెళ్తున్నారు. పాపకి ఏడొస్తాయి, తొమ్మిదొస్తాయి. ‘నా జీవితం, నా కల’ అని మీకు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. వాళ్లెవరూ మీరు లేని నెలల్లో పాపకి జ్వరమొస్తే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లరు. నా పక్షపాతం ఇది, దాచుకోను.

సరే అంటే మాత్రం పనులు ఇలా చూసుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ దక్షిణ సముద్రపు అంచె కాకుండా వెచ్చటి నీళ్లలో సాగే అంచెకి మార్చుకోవచ్చేమో అడగండి. వీసాలకి ముందే మొదలుపెట్టండి, మన పాస్‌పోర్టుతో ప్రతిదీ నెలల పని. టర్మ్ పాలసీ ఉంటే ఇలాంటి పోటీకి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. నామినీలు, లాకర్ తాళం, పాస్‌వర్డులు, ఈఎంఐ తేదీలు ఆవిడ దగ్గరుండాలి. పోటీ జరుగుతున్నప్పుడు పడవలు ఎక్కడున్నాయో ఇంట్లో ఫోన్‌లోనే మ్యాపు మీద చుక్కలుగా కనిపిస్తాయి. నాన్నగారు రోజంతా ఆ చుక్కనే చూస్తూ కూర్చుంటారు, కూర్చోనివ్వండి. గాలి పడిపోతే చుక్క గంటల తరబడి కదలదు. అది మామూలేనని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మీ అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

డిపాజిట్ వెనక్కి తీసుకోవడానికి గడువు ఈ నెలాఖరని రాశారు. అంటే ఇంకా పన్నెండు రోజులుంది. మళ్లీ నాకు ఉత్తరం రాయాలనిపిస్తే, ఈసారి మీ ఆవిడనే రాయమనండి.