ఫినాయిల్ అత్తగారిది, యాసిడ్ తోటికోడలిది.. బాబుకి విరేచనాలు ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాయగడ జిల్లా గుణుపూర్. ఉమ్మడి కుటుంబం, అందరికీ కలిపి ఒకటే లెట్రిన్. దాన్ని కడిగే విషయంలో రోజూ గొడవే. మా అత్తగారు పొద్దున్నే నల్ల ఫినాయిల్ పోస్తారు. ఆ వాసన రాకపోతే కడిగినట్టే కాదంటారు. మా తోటికోడలు ప్రతి ఆదివారం యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ చల్లుతుంది. పోయిన వారం అలా చేస్తూనే దగ్గుతో ఉక్కిరిబిక్కిరై బయటికి పరిగెత్తింది. సాయంత్రం దాకా కళ్లు మండుతూనే ఉన్నాయి. మరిది కలరా ఉండలు తెచ్చి మూలల్లో పడేస్తాడు. ఇవన్నీ పోస్తే గుంతలో పురుగులు చచ్చి గుంత తొందరగా నిండిపోతుందని, నీళ్లు చాలని మామగారి వాదన. ఆయన మాత్రం ఇప్పటికీ తెల్లారుజామున చెంబు పట్టుకుని వంశధార వైపే వెళతారు. మా బాబుకి రెండేళ్లు. నెలకోసారైనా విరేచనాలు పట్టుకుంటాయి. నాకు ఈ ఆరు నెలల్లో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. బాత్రూం బాగోకే ఇదంతా అంటున్నారు. ఎవరి పద్ధతి సరైనది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ తోటికోడలి దగ్గు సంగతి మాట్లాడాలి. మిగతావి ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఆగేది కాదు.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. చిన్న గది, తలుపు వేసుంది, కిటికీ అరచేయంత ఉంటుంది. అందులో వంగి కూర్చుని రుద్దుతున్న మనిషి ముఖానికే ఆ గ్యాస్ ముందు తగులుతుంది. ఆమె బయటికి పరిగెత్తింది కాబట్టి సరిపోయింది. ఇలాంటప్పుడు గాలి తగిలే చోటికి రావాలి, కళ్లను మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. దగ్గు తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలయ్యే అవకాశం ఉంది. అలా అయితే రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు ఆగకూడదు. ఆమెకి ఇప్పటికీ పిల్లికూతలు గానీ, మెట్లెక్కితే ఆయాసం గానీ ఉంటే ఒకసారి ఛాతీ చూపించండి.

యాసిడ్ అంటే చాలామంది గాజు సీసాలో విడిగా అమ్మేదే అనుకుంటారు. కమోడ్ కడగడానికి వాడే నీలం సీసా హార్పిక్‌లో ఉండేది కూడా హైడ్రోక్లోరిక్ యాసిడే, పల్చగా ఉంటుంది అంతే. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా ఆమ్లాలే. వీటిలో దేనినీ బ్లీచింగ్‌తో కలపకూడదు. బ్లీచింగ్‌ను నీళ్లలో తప్ప దేనిలోనూ కలపొద్దు. రెండూ వాడాలనిపిస్తే ఈ వారం ఒకటి, పై వారం ఇంకొకటి, మధ్యలో బోలెడు నీళ్లు.

విడి యాసిడ్ మాత్రం ఇంట్లోంచి తీసేయమనే నా సలహా. ఎవరికి పడితే వాళ్లకి అమ్మకూడదని, కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది. అయినా తోపుడు బండి మీద దొరుకుతూనే ఉంది. అదీ ఎందులో పోసి ఇస్తారు? ఖాళీ మంచినీళ్ల బాటిల్లో, కూల్‌డ్రింక్ సీసాలో. మీ ఇంట్లో రెండేళ్ల పిల్లాడున్నాడు. ఎప్పుడైనా వాడు యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ తాగాడని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. దిగేటప్పుడు కాల్చిన యాసిడ్ ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. ఫినాయిల్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు కడిగి, ఆ సీసా కూడా చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కలరా ఉండల పేరు చూసి అవి కలరాను ఆపుతాయనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. అవి నాఫ్తలీన్. వాసనను కప్పుతాయి, అంతకుమించి మీకు ఒరిగేదేమీ లేదు. పిల్లాడు పిప్పరమెంటు అనుకుని నోట్లో వేసుకుంటే మాత్రం రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకైతే ఒక్క ఉండ చాలు, ఒళ్లు పసుపెక్కి మూత్రం నల్లటి టీ రంగులో వస్తుంది. మలేరియా ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఈ లోపం అరుదేమీ కాదు. మీ మరిదికి చెప్పి అవి తీయించేయండి.

ఇక అత్తగారి ఫినాయిల్. పోట్లాడేంత తప్పేమీ లేదు, కానీ వాసన వస్తే శుభ్రమైనట్టు అనుకోవడం దగ్గరే తేడా. ఫినాయిల్ నేల తుడవడానికి పనికొస్తుంది, అదీ బకెట్ నీళ్లలో కలిపి. చిక్కగా కమోడ్‌లో ఒంపితే రుద్దకుండా జారిపోయి గుంతలో పడుతుంది, దానివల్ల డబ్బు దండగ. నిజానికి కమోడ్‌కి కావాల్సింది కాస్త టైము, కాస్త చేతిబలం. క్లీనర్ అంచు కింద చుట్టూ పోసి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయాలి. తర్వాత బ్రష్‌తో రుద్ది నీళ్లు కొట్టాలి. మీ ఇంట్లో ఇంతమంది వాడుతున్నారు కాబట్టి వారానికి రెండుసార్లు ఇలా చేసి, మిగతా రోజులు సబ్బు నీళ్లతో బ్రష్ వేస్తే చాలు. ఎర్రటి, పసుపు పచ్చని చారలు చూసి బెంగపడకండి. బోరు నీళ్లలోని ఇనుము, సున్నం అలా పేరుకుంటాయి. మరక ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, తళతళలాడినంత మాత్రాన లేనట్టూ కాదు.

ఒక్కమాట. మీ ఉత్తరంలో అభిప్రాయాలు అందరికీ ఉన్నాయి, మగవాళ్లకి కూడా. బ్రష్ పట్టుకునేది మాత్రం ఆడవాళ్లే అని అర్థమైంది. యాసిడ్, బ్లీచింగ్ లాంటి అడ్డదారులు ఎక్కువగా పని మీద పడి అలిసిపోయిన మనిషే వెతుకుతుంది. రోజు విడిచి రోజు వంతులు వేసుకుంటే ఆ అవసరమే రాదు.

మామగారి మాట సగం నిజం. గుంతలో మలాన్ని కుళ్లబెట్టేది సూక్ష్మజీవులే. సీసాలకు సీసాలు యాసిడ్, బ్లీచింగ్, ఫినాయిల్ పోస్తే వాటి పని దెబ్బతింటుంది. వారానికి రెండుసార్లు కాస్త క్లీనర్ పడితే గుంతకేమీ కాదు. మీది ఏ రకం గుంతో కనుక్కోండి. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్‌లో 12,000 రూపాయల సాయం ఇచ్చి కట్టుకోమని ప్రోత్సహించింది జంట గుంతల రకం. ఒకటి నిండితే దారి రెండోదానికి మార్చి, నిండినదాన్ని కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు మూసి ఉంచాలి. ఈలోగా అది ఎరువైపోతుంది. స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు అందులోకి పంపితేనే గుంత తొందరగా నిండుతుంది. సెప్టిక్ ట్యాంక్ అయితే బండి పిలిపించి పైపుతో తోడించండి. లోపలికి మనిషిని మాత్రం దింపొద్దు. ఆ విషవాయువుకి క్షణాల్లో ప్రాణాలు పోతాయి. 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా.

ఇంతకీ మీ బాబు విరేచనాలు. ఇంటిల్లిపాదీ కమోడ్ చుట్టూ పోట్లాడుకుంటున్నారు, పిల్లాడు ఆ కమోడ్ వాడనే వాడడు కదా! వాడు ఎక్కడ వెళ్తున్నాడు? కడిగేది ఎక్కడ? ఆ మలం ఎక్కడ పారేస్తున్నారు? మీరు రాయలేదు గానీ, నా దగ్గరికి వచ్చే తల్లుల్ని అడిగితే పెరట్లోనో, వీధి కాలవలోనో అంటారు. పాలు తాగే పిల్లల మలం ఏం చేస్తుంది లెమ్మని పెద్దవాళ్లు అనడం నేనూ విన్నాను. పిల్లల మలంలో క్రిములు పెద్దవాళ్ల మలంలో ఉన్నంత ప్రమాదకరమే. దాన్ని లెట్రిన్‌లోనే పోసి నీళ్లు కొట్టాలి.

ఒకసారి మీ చేతుల్ని మీరే గమనించండి. ఎడమచేత్తో బాబుని కడుగుతారు. అదే చేత్తో కుళాయి తిప్పుతారు. సబ్బుతో చేతులు కడుక్కుంటారు. శుభ్రమైన ఆ చేత్తోనే, ఇందాక మురికి చేత్తో ముట్టుకున్న కుళాయిని మళ్లీ కట్టేస్తారు. అక్కడి నుంచి నేరుగా అన్నం కలిపి బాబుకి తినిపిస్తారు. మగ్గు పిడి, తలుపు గడియ కూడా ఇంతే. చేతులకు రాసిన సబ్బు నురుగుతోనే కుళాయిని కూడా రుద్ది, రెండింటినీ కలిపి కడిగేయండి. రోజుకోసారి కుళాయి, మగ్గు పిడి, గడియ, ఫ్లష్ బటన్ సబ్బు గుడ్డతో తుడవండి. ఆ గుడ్డను ఇంకెక్కడా వాడకండి. కమోడ్‌లో పోసే ఫినాయిల్ కంటే ఇది బాబుకి ఎక్కువ మేలు చేస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోవడం అలవాటు చేస్తే విరేచనాల కేసులు దాదాపు మూడో వంతు తగ్గుతాయని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. లెట్రిన్ నుంచి వచ్చాక, బాబుని కడిగాక, వంటకు ముందు, తినిపించే ముందు ఇరవై సెకన్ల పాటు రుద్దాలి. ఉత్త నీళ్లతో తడుపుకోవడం లెక్కలోకి రాదు.

ఈసారి విరేచనాలు మొదలైతే ఆశా దీదీని అడిగి ఓఆర్‌ఎస్, జింకు మాత్రలు తెచ్చుకోండి. ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, చిటికెడు చిటికెడు కాదు. జింకు 20 మిల్లీగ్రాములు రోజుకొకటి, విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ వేయాలి. మలంలో రక్తం, కళ్లు లోతుకు పోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మగతగా పడుకుని తాగలేకపోవడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉంచుకోవద్దు. విరేచనాల నుంచి కాపాడే రోటా టీకాను 2016లో దేశంలో ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. కాబట్టి బాబుకి మీ ఊళ్లో వేయించినా, సరిహద్దు దాటి పుట్టింట్లో వేయించినా కార్డులో ఉండాలి, చూడండి. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా మానొద్దు. నెలనెలా వస్తూ బరువు పెరగకపోతే మాత్రం పిల్లల డాక్టరు చూడాల్సిందే.

విరేచనాలు ఉన్నన్నాళ్లూ బ్లీచింగ్‌కి పనుంది. లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా పౌడర్ కలిపి, ముందుగా నీళ్లు కొట్టి కడిగిన కమోడ్ మీద, చుట్టూ నేల మీద పోసి పది నిమిషాలు ఉంచి కడగండి. తలుపు తీసి ఉంచాలి, చేతికి గ్లవ్స్ వేసుకోవాలి. ఆ రోజు యాసిడ్ సీసా, హార్పిక్ సీసా దగ్గరికి రానివ్వొద్దు.

ఇన్ని చెప్పినా, మీ ఇంట్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మామగారి చెంబు. ఏటి ఒడ్డున పడ్డది వానకి ఏట్లోకే చేరుతుంది. మన జిల్లాలోనే కాశీపూర్ వైపు 2007లో, మళ్లీ 2022లో కలరా వచ్చి మనుషులు పోయారు. ఒడియావాళ్లు ఝాడా-బాంతి అని భయపడేది దాని గురించే. టైఫాయిడ్, పచ్చకామెర్లు కూడా ఇదే దారిన వస్తాయి. అలాగని ఆయన్ని తిట్టడం వల్ల ఉపయోగం లేదు. ఎందుకు వెళ్తున్నారో నిదానంగా అడగండి. పెద్ద వయసు మగవాళ్లు చాలామంది అలవాటు అని పైకి అంటారు గానీ, లోపల మోకాళ్ల నొప్పి ఉంటుంది. కింద కూర్చుంటే లేవలేరు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఫినాయిల్ పోసిన నేల జారుతుంది. అది చెప్పుకోవడానికి మొహమాటం. గోడకి ఒక కడ్డీ బిగించి, మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కమోడ్ స్టూల్ ఒకటి కొని పెట్టండి. అది మెడికల్, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. రాత్రి దీపం వేసి ఉంచండి.

చివరగా మీ యూరిన్ ఇన్ఫెక్షన్. దీనికి బాత్రూంని నిందించకండి. ఆడవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ తెచ్చే క్రిమి చాలావరకు వాళ్ల పేగుల్లోదే, కమోడ్ మీది నుంచి ఎక్కేది కాదు. ఒక్కటే లెట్రిన్, బయట ఎవరో ఎదురుచూస్తున్నారని మూత్రం ఆపుకోవడం, ఆ భయానికి నీళ్లు తక్కువ తాగడం.. ఇవి అసలు కారణాలు కావచ్చు. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడగాలి. డెటాల్ లాంటివి అక్కడ వాడొద్దు, మేలు చేసే క్రిములు కూడా పోయి మంట పెరుగుతుంది. ఆరు నెలల్లో రెండుసార్లంటే మాత్రం మెడికల్ షాపులో అడిగి మూడు మాత్రలు మింగి ఊరుకునే కేసు కాదు. షుగర్ పరీక్ష చేయించండి. మళ్లీ మంట మొదలైతే యాంటీబయాటిక్ వేసుకునే ముందే యూరిన్ కల్చర్‌కి (మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి) ఇవ్వండి. గర్భం ఉండే అవకాశముంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. జ్వరం, వణుకు, నడుం పక్కన నొప్పి ఉంటే అదే రోజు చూపించుకోవాలి. కల్చర్ రిపోర్టు వచ్చాక నాకు రాయదలచుకుంటే, ఏ మందుకి లొంగుతుందో చెప్పే పేజీ కూడా జత చేయండి. చాలామంది మొదటి పేజీ ఒక్కటే పంపుతారు.